ఉరుస్తుందా, ఊరుతుందా?

పెళ్లయిన కొత్తలోనే మా ఆయనకి చెప్పాను, పొద్దున్నే గుమ్మంలో నిలబడి ఆ మాట అనొద్దని. వింటేనా! డ్యూటీ బూట్లు తొడుక్కుని, టిఫిన్ డబ్బా సంచి భుజాన వేసుకుని "కొండెక్కొస్తానే" అంటాడు. దీపం ఆరిపోయిందనడానికి నోరు రాక కొండెక్కిందంటాం మనం. అది మనిషి అనాల్సిన మాటేనా? "కొండ మీదికి వెళ్లొస్తా అనండి, మీ నోరేం అరిగిపోదు" అంటాను నేను. "బైలాడిలా కొండెక్కకుండా ఇంట్లో కూకుంటే నీకు తిండెవడు పెడతాడే" అంటాడు ఆయన. బచేలీ బజార్లో నాకొక టైలరింగ్ షాపుందని ఆ క్షణంలో ఆయనకి గుర్తుండదు. మా క్వార్టర్లో సుప్రభాతం ఇదే.

ఆయన పేరు చక్రధరరావు. ఈ బస్తర్ కొండ మీద గనిలో ఇనుప రాయి మోసే డంపర్ నడుపుతాడు. ఇల్లంత బండి అది. దాని చక్రం పక్కన నిలబడితే మా ఆయనంతటి మనిషి కూడా బడిపిల్లాడిలా కనిపిస్తాడు. అంత బండినీ వేళ్లతో తిప్పుతానని ఆయనకి మహా గర్వం. శ్రీకాకుళం మనిషి, గొంతు పెద్దది. వీధి మొదట్లో మాట్లాడితే వీధి చివర వాళ్లు జవాబు చెప్తారు. అలాంటి గొంతుకి ఈ ఏడు వానలు మొదలవగానే దగ్గు పట్టుకుంది.

మామూలు దగ్గయితే అల్లం కషాయం పోసి ఊరుకునేదాన్ని. ఇది పట్టిందంటే మనిషి వంగిపోయి, కళ్లు ఎర్రబడి, ఈల వేసినట్టు ఊపిరి లాగుతాడు. జగ్దల్‌పూర్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గొట్టంలో ఊదమన్నారు. ఎంత గట్టిగా ఊదితే అంత బలం ఉన్నట్టట. డంపర్‌ని వేళ్లతో తిప్పే మనిషి ఆ చిన్న గొట్టం ముందు ఓడిపోయాడు. మందులిచ్చారు. మళ్లీ వెళ్తే ఇంకా తక్కువ ఊదాడు.

ఆ రెండోసారి డాక్టరు పెన్ను పక్కన పెట్టేశాడు. "ఖదాన్ కీ ధూల్ హై, రావ్‌జీ" అన్నాడు. గని దుమ్మట. రాఖీ పండగ వెళ్లాక ఒక్కసారి రమ్మన్నాడు. అప్పుడూ ఇలాగే ఊదితే ఇక కొండ పనికి పనికిరాడని రాసి ఇచ్చేస్తానన్నాడు. "ఉద్యోగం కన్నా ఊపిరి పెద్దది, బహన్‌జీ" అని నాకేసి చూసి హిందీలో నెమ్మదిగా చెప్పాడు. మంచి డాక్టరే. ఆ మంచితనమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నాకైతే డంపర్ పోతే పోయింది, మనిషి దక్కితే చాలు. ఆయనకి మాత్రం ఆ రెండూ వేరు కావు. బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని "దింపేస్తార్రా నన్ను" అన్నాడు, నాతో కాదు, తనలో తనే. నేను మెడికల్ షాపుకెళ్తున్నట్టు పక్కకెళ్లి ఏడ్చి వచ్చాను.

ఇందులో ఒక్కటే నాకు అంతుపట్టలేదు. కొండ మీద ఆ ఎర్ర దుమ్ములో ఆయన అంతగా దగ్గడు. ఇంట్లోనూ అంతగా దగ్గడు. జగ్దల్‌పూర్ బయల్దేరితే చాలు, దంతెవాడ దాటకముందే మొదలు. గీదం వచ్చేసరికి ఈల, జగ్దల్‌పూర్ చేరేసరికి నీరసం. డాక్టరంటే భయం వల్ల అని నేను, దారి మలుపుల వల్ల అని ఆయన. ఇద్దరం తెలివైనవాళ్లమే!

ఇక మా కారు సంగతి. సెకండ్ హ్యాండులో కొన్నప్పుడు తెల్లగా ఉండేది. బచేలీ దుమ్ముకి గులాబీ రంగుకొచ్చింది. వానలు మొదలైన దగ్గర్నుంచి అందులో ఒక కంపు. తడి గుడ్డలు మూటగట్టి మంచం కింద మర్చిపోతే వస్తుందే, ఆ కంపు. ముందు ఎడమవైపు సీటు నాది. నా కాళ్ల దగ్గర ఎప్పుడూ తడే. చెప్పులు తడిసేవి, చీర కుచ్చిళ్లు తడిసేవి. లారీలు బురద చిమ్ముతాయి కాబట్టి అద్దాలు దించడానికి లేదు. దించకపోతే అద్దాల లోపల ఆవిరి పట్టి దారి కనపడదు, అందుకని ఏసీ. ఆ కంపులో, ఆ చలిలో, ఆయన దగ్గు వింటూ మూడు గంటలు.

"ఏవండీ, మన కారు కారుతోంది" అన్నాను ఒకసారి.

"వానాకాలం కాదేటి, కాస్త తడుస్తాది" అన్నాడు.

రెండోసారి డాక్టరు అలా అన్నాక ఇంటికొస్తుంటే, మళ్లీ నా చెప్పుల్లో నీళ్లు. అసలే కడుపు మండి ఉన్నాను. "ఈ కారు బాగు చేయించకపోతే మూడోసారి నేను బస్సులో వస్తాను, మీరు మీ చెరువులో రండి" అన్నాను. ఆ మాట పని చేసింది. మర్నాడు సాయంత్రం భోరున వాన, ఆయన ఎవరో కొత్త మెకానిక్ నంబరు పట్టుకొచ్చి ఫోన్ చేశాడు. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. నాకు వినపడింది ఈయన మాటలే.

"హలో... ఆఁ, కారు కారుతోంది... కారేనయ్యా... అయ్యో, కారుకేటయిందంటే, కారుతోంది బాబూ!" అంతలో ఇల్లదిరేలా ఉరిమింది. "ఏటి?... ఆఁ, ఉరుముతోంది... ఆఁ ఆఁ, గట్టిగానే ఉరుముతోంది. నీకు వినపళ్లేదేటి?... సరే, వచ్చి తీసుకెళ్లు."

రోగం అడిగితే వాతావరణం చెప్తాడేమిటి ఈయన అనుకుని, నా పోపు నేను చూసుకున్నాను.

మెకానిక్ వచ్చినప్పుడు నేను షాపులో ఉన్నాను. కారు తీసుకెళ్లాడు, పనంతా చేసి తెచ్చి పెట్టాడు. ముందు అద్దం చుట్టూ, వెనక అద్దం చుట్టూ, పైకప్పు అంచుల వెంబడి మందంగా జిగురు పూశాడు. తలుపుల రబ్బర్లన్నీ కొత్తవి. చూడగానే మనసు నిమ్మళించింది. చుక్క నీరు దూరే సందు లేదు.

తర్వాతి ఆదివారం వాన తెరిపిచ్చింది. ఎండ కూడా కాసింది. కిరందుల్‌లో ఆయన స్నేహితుడింట్లో బారసాల ఉంటే వెళ్లాం. ఉక్కగా ఉందని ఏసీ వేశాడు. వెళ్లేటప్పుడు బాగానే ఉంది. తిరిగి వస్తుంటే నా పాదం కింద చల్లగా తగిలింది. వంగి చూస్తే తడి. ఆకాశంలో మబ్బు తునక లేదు! నేను నోరు తెరిచేలోపే ఆయన దగ్గడం మొదలుపెట్టాడు.

"మన ఇంటికి కాదు, ఆ మెకానిక్ దగ్గరికి పోనీయండి" అన్నాను. ఆ రోజు నాకు వచ్చిన కోపానికి రాయి కూడా పగిలేది.

ఆ మెకానిక్ షెడ్డు గీదం రోడ్డు మీద. వేసవిలోనే తెరిచాడు. రాంబాబు అతని పేరు. ముప్పయ్యేళ్లుంటాయి, మనిషి సన్నం, మాట లావు. నోట్లో వేపపుల్ల. మమ్మల్ని చూడగానే పుల్ల తీశాడు.

"ఏంది సార్, మళ్లేమైంది?"

"ఏటయిందా? నువ్వే సూడు. సేపలు పెంచుకోవచ్చు ఇందులో." కోపమొస్తే మా ఆయన నోట్లోకి పూర్తి శ్రీకాకుళం వచ్చేస్తుంది.

"గట్లెట్లయితది? నా చేతుల్తోటి పెట్టిన జిగురు సార్ అది. ఆ అద్దం కాడికెల్లి ఒక్క చుక్క లోపటికొస్తే నా పేరు రాంబాబే కాదు."

"నీ పేరు నాకెందుకు? నీళ్లెందుకొస్తున్నాయో చెప్పు."

"మేడం, పౌడరుంటె ఇయ్యుండ్రి" అన్నాడు నాతో. ముఖానికి రాసుకునే పౌడర్ అడిగితే నా సంచిలో ఎక్కడుంటుంది? గుడ్డల మీద గీతలు గీసే సుద్దబిళ్ల ఉంది. కత్తెరతో గోకి పొడి చేసి ఇచ్చాను. అద్దం కింద, తలుపుల అంచుల్లో అంతా తెల్లగా చల్లాడు. నన్ను లోపల కూర్చోబెట్టి తలుపులు మూసి, బయట పైపు పెట్టి కారు మీద నీళ్లు కొట్టాడు. సందుండి నీళ్లు దూరితే సుద్ద మీద చార పడుతుంది కదా. అద్దాల మీద ఎర్రనీళ్లు కాలవలు కడుతున్నాయి. లోపల సుద్ద పొడి చల్లింది చల్లినట్టే ఉంది. చార కాదు, మచ్చ కూడా పడలేదు.

"చూసిన్రా!" అని బయట నుంచి అరిచాడు రాంబాబు.

"ఏటి చూసేది? మరి కింద తడెక్కడిది, ఆకాశగంగా?"

"అది నన్నడుగుతరేంది సార్? మీరు చెప్పిన రోగానికి మీరు చెప్పిన మందేసిన. ఫోన్ల నేను అడగలేదా? ఉరుస్తుందా, ఊరుతుందా అని రెండుసార్లు అడిగిన. ఉరుస్తుంది, గట్టిగనే ఉరుస్తుందని మీరే అంటిరి!"

"నేనా? ఉరుస్తుందా? అసలా మాటే నేను పుట్టాక వినలేదు. ఉరుముతుందా అని నువ్వడిగావు, ఉరుముతోందని నేను చెప్పాను!"

"కారు గురించి చెప్పమంటె ఉరుముల సంగతి నేనెందుకు అడుగుత సార్?"

"అదే నేనూ అనుకున్నాను, వీడికి ఉరుములెందుకని!"

కారు లోపల కూర్చున్న నాకు ముందు నవ్వొచ్చింది. పోపు వేస్తూ నేను విన్న సగం, ఇప్పుడు రాంబాబు చెప్పిన సగం, రెండూ వచ్చి అతుక్కున్నాయి. పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ నవ్వులోనే, ఎందుకో, కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎందుకంటే ఆ మాట నాకు తెలుసు. ఉరుసుడు. మా అమ్మ మాట. వానొస్తే మా పెంకుటిల్లు పది చోట్ల చుక్కలు కార్చేది. "ఇల్లు ఉరుస్తుంది, గిన్నెలు తేర్రి" అని అమ్మ కేకేస్తే, నేనూ చెల్లెలూ గిన్నెలు పట్టుకుని పరుగెత్తేవాళ్లం. పై నుంచి చుక్కలుగా పడితే ఉరవడం. గోడ అడుగున నేల చెమ్మగిల్లి నీరు పైకొస్తే ఊరడం. ఒకదానికి పెంకు సర్దాలి, రెండో దానికి కాలవ తీయాలి. పెళ్లై వచ్చాక మా అత్తగారింట్లో నేను "ఏంది" అంటే చాలు, గదిలో అందరూ నవ్వేవాళ్లు. "మీది తెలుగేనేటి?" అని ఆడపడుచు అడిగింది. పాపం, వాళ్లు సరదాకే అన్నారు. నేను మాత్రం రోషానికి పోయి నా మాటలన్నీ మడిచి పెట్టెలో పెట్టేశాను. పెట్టె ఎక్కడ పెట్టానో కూడా మర్చిపోయాను.

కాళ్ల కింద కారు నేల మీద పరిచిన పరుపుని వేళ్లతో పట్టి చూశాను. గుడ్డని పట్టి చూడటం నాకు తెలిసినంతగా వాళ్లిద్దరికీ తెలియదు. పైన పొడి. అంచు లేపి లోపల చెయ్యి పెడితే అడుగున స్పాంజి నీళ్లు తాగి ఉబ్బి ఉంది. పై నుంచి పడిన నీళ్లయితే పైగుడ్డ ముందు తడుస్తుంది. లైనింగు ముందు తడిసిందంటే తడి కింది నుంచి వస్తున్నట్టే.

తలుపు తెరిచి అరిచాను. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి అదే వచ్చింది. "తమ్మీ! ఇది ఉరుస్తలేదు. ఊరుతుంది!"

ఇద్దరూ తగాదా ఆపి నన్ను చూశారు. మా ఆయనైతే నా నోట్లోంచి ఇంకెవరో మాట్లాడినట్టు చూశాడు.

"అక్కా, నువ్వేడిదానివే?" అన్నాడు రాంబాబు.

"పట్నం."

"ఏ పట్నం? మన భోపాల్‌పట్నమా?"

"ఇంకే పట్నముంది?" అన్నాను. బస్తర్‌లోనే, దక్షిణపు కొసన తెలుగు మాట్లాడే ఊరు మాది.

"ఓరి దేవుడా! ముందే చెప్పొద్దా? మా ఊరి ఆడబిడ్డవా!" చేతులు పాంటుకి తుడుచుకుని మా ఆయన వైపు తిరిగాడు. "గట్లయితే మీరు నాకు బావైతరు. బావతోటి లొల్లేంది నాకు? కూసో బావ, చాయ్ చెప్త."

తిట్టబోయిన మా ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సార్ అన్నవాడిని తిట్టొచ్చు, బావ అన్నవాడిని ఏం తిడతాడు?

రాంబాబు ఇక ఆలస్యం చేయలేదు. ఏసీ ఆన్ చేసి నన్ను డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టమన్నాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత వేలి మీద ఒక చుక్క పడింది, ఐసు ముక్క కరిగినట్టు చల్లగా. ఇంకోటి. చెయ్యి బయటికి తీసి చూపించాను. "చూడు బావ, నీళ్లు తెల్లగున్నయి" అన్నాడు. "మన బచేలీల కారు మీద పడ్డ వాన నీళ్లు ఏనాడన్న తెల్లగుంటయా? ఇవి వాన నీళ్లు కావు. ఏసీ నీళ్లు." ఏసీ గాలిలోని తేమని నీరు చేస్తుందట, ఆ నీరు ఒక గొట్టంలోంచి కారు కింద నేల మీదికి పోవాలట. ఆ గొట్టం మూసుకుపోతే వెనక్కి తన్ని, పరుపు అడుగు నుంచి లోపలికి పాకుతుందట. "ఏసీ వేసుకుని పోయొచ్చి ఆపినంక, బండి కింద చుక్కలు పడుడు ఈ నడుమ చూసిన్రా?" అని అడిగాడు. చూడలేదు. మేమెప్పుడూ లోపలి నీళ్లు చూసుకుని ఏడ్చాం గానీ, బయట పడాల్సిన నీళ్లు పడటం లేదని చూసుకోలేదు.

"ముందు ఈ పరుపు పీకాలె" అని రాంబాబు సీటు విప్పి పరుపు ఎత్తాడు.

అమ్మో, ఆ వాసన! పరుపు అడుగంతా నల్లగా, పచ్చగా, బొచ్చులా బూజు. నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. మా ఆయన "ఏటిది?" అంటూ వంగి లోపలికి తొంగి చూశాడు. అంతే. దగ్గు అందుకుంది. అదే దగ్గు. జగ్దల్‌పూర్ దారిలో దగ్గే దగ్గు, అదే ఈల, అవే ఎర్ర కళ్లు. మనిషి కారు తలుపు పట్టుకుని వంగిపోయాడు. నేనూ రాంబాబూ చెరో రెక్క పట్టుకుని రోడ్డు పక్కకి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టాం. వీపు రాస్తూ నిలబడ్డాను. గాలికి కాసేపట్లో తేరుకున్నాడు. మంచినీళ్లు తాగాడు.

నా చెయ్యి ఆయన వీపు మీదే ఉండిపోయింది. కొండ మీద దగ్గడు. ఇంట్లో అంతగా దగ్గడు. ఇదిగో, ఇక్కడ రోడ్డు మీద లారీలు దుమ్ము రేపుతున్నా దగ్గడం లేదు. ఆ బూజు ముందు ముఖం పెడితే...

"ఏవండీ" అన్నాను. "ఆ డాక్టరు మిమ్మల్ని ఎప్పుడు చూసినా, ఈ కారు దిగాకే కదండీ చూశాడు? మూడు గంటలు అద్దాలు మూసుకుని, ఆ గాలే పీల్చుకుని వెళ్లాక!"

ఆయన నా ముఖంలోకి చూశాడు. పెద్ద గొంతు మనిషి, చాలా చిన్నగా అన్నాడు. "అయితే ఇది దుమ్ము కాదంటావేటే?"

"నాకేం తెలుసు" అన్నాను. తెలుసని అనడానికి భయం వేసింది. ఆశ పెట్టి చంపకు తల్లీ అని దంతేశ్వరి అమ్మవారికి అక్కడే, ఆ గ్రీజు మరకల మధ్యే దణ్ణం పెట్టుకున్నాను.

రాంబాబు కారు కింద దూరి పడుకున్నాడు. ఆ గొట్టం దొరికించుకుని, మూతి దగ్గర తీగ పెట్టి పొడిచాడు. రాలేదు. ఇంకా పొడిచాడు. "వస్తలేదక్కా, రాయైంది" అంటున్నాడు, ఆ మాట నోట్లో ఉండగానే బుడుంగుమని చప్పుడైంది. గొట్టంలో నిలవున్న నీళ్లన్నీ ఒక్కసారిగా అతని ముఖాన పడ్డాయి. ఉమ్మేస్తూ, తిడుతూ, నవ్వుతూ బయటికి పాకాడు. అరచేతిలో వేలెడు మట్టి బిరడా. ఎర్రగా, గట్టిగా ఉంది. మా కొండ దుమ్మే. తడికి ముద్దై, ఎండకి గట్టిపడి గొట్టానికి అడ్డం పడింది.

మా ఆయన దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "నా గొంతులో ఉందన్నాడే డాక్టరు. ఇదిగో, దీని గొంతులో ఉంది" అన్నాడు. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు, కళ్లు తుడుచుకున్నాడు. నేను చూడనట్టు సుద్దపొడి దులుపుకున్నాను.

ఆ పరుపు పారేశాం. లోపలి రేకు సబ్బునీళ్లతో కడిగించి, తలుపులన్నీ బార్లా తీసి, షెడ్డులో ఫ్యాన్ పెట్టి రోజుల తరబడి ఆరబెట్టాడు రాంబాబు. ఏసీ జాలీ తీస్తే అది కూడా నల్లగా ఉంది, కొత్తది వేశాడు. ఖర్చులో తన పొరపాటుకి సగం, బావ పొరపాటుకి సగం అంటూ అన్నీ తనే దగ్గరుండి చేశాడు. కొత్త పరుపు మాత్రం నేనే కుట్టాను. మా ఇంట్లో పాత జంపఖానా కత్తిరించి, కొలతలు తీసి, అంచుకి ఆకుపచ్చ జాకెట్టు గుడ్డతో పైపింగు వేశాను. బస్తర్ మొత్తంలో పైపింగున్న కారు మాదొక్కటే.

రాఖీ నాడు రాఖీ పట్టుకుని షెడ్డుకి వెళ్లాను. రాంబాబు నోట్లోంచి వేపపుల్ల తీసి, చెయ్యి చాపాడు. కట్టడం అవగానే, "అక్కా, డాక్టర్ కాడికి పోయేటప్పుడు నడుమ ఏడన్న ఆపి బండి కింద చూడున్రి. చుక్కలు పడుతుంటె బండి మంచిగున్నట్టు" అన్నాడు.

జగ్దల్‌పూర్ వెళ్లిన రోజు వానే. అద్దాలు మూసుకున్నాం, ఏసీ వేసుకున్నాం. నేను దారి చూడలేదు, ఆయన ఛాతీయే చూస్తూ కూర్చున్నాను. దంతెవాడ వచ్చింది, దగ్గలేదు. గీదం వచ్చింది, దగ్గలేదు. ఆయన ముందు వెళ్తున్న లారీవాణ్ణి గీదం నుంచి జగ్దల్‌పూర్ దాకా తిట్టుకుంటూ వచ్చాడు. మధ్యలో ఊపిరి కోసం ఆగలేదు. తిట్లు అంత తియ్యగా ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. దారిలో వాన ఆగాక చాయ్ కోసం కారు నిలిపితే, దిగగానే ఇద్దరం మోకాళ్ల మీద వంగి కారు కింద చూశాం. చాయ్ అమ్మే ముసలమ్మ మాకేమైందోనని వచ్చి తనూ వంగింది. ఎర్ర నేల మీద టప్ టప్ మని తెల్లటి నీళ్లు పడుతున్నాయి.

"కారుతోందే" అన్నాడు ఆయన సంబరంగా.

"కారాల్సిన చోట కారుతోంది" అన్నాను.

ఆసుపత్రిలో గొట్టం నోట్లో పెట్టుకుని ఊదాడు. డాక్టరు కాగితం చూసి, మళ్లీ ఊదమన్నాడు. మళ్లీ చూసి, కళ్లద్దాలు తీసి మా ఆయనని చూశాడు. "క్యా కియా ఆప్‌నే?" అన్నాడు. ఏం చేశారని.

"గాడీ సుఖాయా, సాబ్" అన్నాడు మా ఆయన. బండి ఆరబెట్టానని.

డాక్టరుకి ముందు అర్థం కాలేదు. నేను మొదటి నుంచీ చెప్పాను, ఉరుసుడూ ఊరుడూ సహా, వచ్చిన హిందీలో, రాని చోట తెలుగులో. విని విని నవ్వాడు. బూజు గాలి సరిపడని ఊపిరితిత్తులు కొన్ని ఉంటాయట, మా ఆయనవి అలాంటివట. చలికాలంలో ఒకసారి వచ్చి ఊదాలి, కొండ మీద ముక్కుకి మాస్కు తీయకూడదు. ఆ రెండు షరతుల మీద, కొండకి వెళ్లొచ్చు అన్నాడు. మా ఆయన లేచి ఆ డాక్టరు రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. నేను ఎవరికని దణ్ణం పెట్టను? డాక్టరుకి పెట్టాను. తిరుగుదారిలో దంతెవాడలో ఆగి అమ్మవారికి పెట్టాను. షెడ్డు ముందు ఆగి, చిన్నవాడని కూడా చూడకుండా రాంబాబుకి పెట్టాను. అతను సిగ్గుపడి చాయ్ తెప్పించాడు. ఇప్పుడు అతని షెడ్డు మీద తెలుగులో కొత్త బోర్డు ఉంది: ఉరుసుడు, ఊరుడు, రెండూ బాగు చేయబడును. చదివేవాళ్లు ఎందరున్నారో గానీ, నేను అటు వెళ్లినప్పుడల్లా చదువుతాను. మా అమ్మ మాట అది. గిన్నెలు పట్టుకుని పరుగెత్తిన మాట. ఇన్నేళ్ల తర్వాత వెతుక్కుంటూ వచ్చి నా మనిషిని నాకు ఇచ్చి పోయింది.

డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్న డ్యూటీ బస్సు హారన్ వినపడింది. ఆయన బూట్లు తొడుక్కుని, సంచి భుజాన వేసుకుని, మాస్కు చెవికి తగిలించుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కొండెక్కొస్తానే" అన్నాడు.

అలవాటు కొద్దీ నోరు తెరిచాను. తిట్టు రాలేదు.

"ఎక్కు" అన్నాను. "మంచిగ ఎక్కు, మంచిగ దిగిరా."

మెట్టు దిగబోతున్నవాడు ఆగి వెనక్కి తిరిగాడు. ఇన్నేళ్లూ ఏటి తప్ప ఇంకో మాట తెలియని మనిషి, మాస్కు కిందికి లాగి, నవ్వు ఆపుకుంటూ అడిగాడు.

"ఏంది?"